మూలలక్క చేతి బ్లేడు

పనిలో ఆమెను అందరూ మూలలక్క అనేవారు. జిప్సం బోర్డులతో గోడలు, కప్పులు కట్టే చోట రెండు గోడలు కలిసే మూలను ఆమెలా తీర్చేవాళ్లు లేరని పేరు. కాగితం టేపును నిలువునా మధ్యకు మడిచి, మూలలో ఆనించి, బ్లేడుతో పైనుంచి కిందికి ఒక్క లాగు లాగేది. ఆరాక చూస్తే, అక్కడ రెండు బోర్డులు కలిశాయని వాటిని బిగించినవాడు కూడా చెప్పలేకపోయేవాడు.

ఆమె భర్తను పొడుగు మేస్త్రి అనేవారు. మనిషి అసలే నిలువెత్తు. దానికి తోడు కాళ్లకు మరగాళ్లు కట్టుకుని, నిచ్చెన అవసరం లేకుండా కప్పు కింద కొంగలా అడుగులేస్తూ తిరిగేవాడు. చేతిలో గొట్టం మిషను. అది ఆమె గడ్డం దాకా వచ్చేంత పొడుగు. గొట్టం నిండా లప్పం నింపి, వెనక టేపు చుట్ట తగిలించి, బోర్డుకూ బోర్డుకూ మధ్య ఉన్న సందు వెంట నడిపిస్తే లప్పమూ టేపూ కలిసి గోడకు అంటుకుంటూ పోయేవి. వెనకే ఆమె బ్లేడుతో నొక్కి, అదనపు లప్పం తీసేసి, సాపు చేసుకుంటూ వచ్చేది. పంతొమ్మిదేళ్లు అలాగే గడిచాయి. ముందు ఆయన, వెనక ఆమె. పిల్లలు లేరు. "మా ఇద్దరికీ ఈ మిషనే పిల్లాడు, రోజూ స్నానం చేయించాలి" అని ఆయన నవ్వేవాడు. నిజంగానే సాయంత్రం పూట దాన్ని విప్పి, ప్రతి ముక్కా కడిగి, నూనె రాసి పడుకోబెట్టేవాడు.

ఒక్క పని మాత్రం ఆయన ఎవరికీ వదిలేవాడు కాదు. లప్పం కలపడం. బకెట్లో ఎంత నీళ్లు పోయాలో, ఎంతసేపు తిప్పాలో అంతా ఆయన చేతిలోనే ఉండేది.

"నాకూ నేర్పొచ్చుగా" అని ఆమె చాలాసార్లు అడిగింది.

"నీకెందుకే? నేనెక్కడికి పోతాను?" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం, ఏదో ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో, భోజనాలయ్యాక ఆయన కింద కూర్చుని మరగాళ్లు కట్టుకోబోయాడు. కుడికాలి పట్టీ బిగించలేకపోయాడు. రెండోసారి ప్రయత్నించాడు. పట్టీ వేళ్లలోంచి జారిపోయింది.

"ఏమయ్యా, అన్నం తిన్నాక నీ చెయ్యి కునుకు తీస్తోందా?" అని ఆమె నవ్వింది.

ఆయన తలెత్తి ఆమెను చూశాడు. నోరు ఒక పక్కకు జారి ఉంది. ఆ క్షణంలో తాను నవ్విన నవ్వు ఆమెను ఆ తర్వాత ఒక్కరోజు కూడా వదల్లేదు.

పదిహేడు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. సరిగ్గా చెప్పాలంటే ఒక్క మాట మిగిలింది. "నీళ్లు." మొదటిసారి ఆ మాట విన్నప్పుడు ఆమె సంతోషం పట్టలేక గ్లాసు తెచ్చి పట్టింది. ఆయన తాగలేదు. దిండు సర్దితే నీళ్లు అన్నాడు. కిటికీ తెరిస్తే నీళ్లు. ఆయన అక్క వచ్చి తలమీద చెయ్యి వేసి ఏడుస్తుంటే ఆవిడ మొహంలోకి చూసి, ఎంతో ముఖ్యమైన సంగతి చెబుతున్నట్టు, నెమ్మదిగా, "నీళ్లు" అన్నాడు.

డాక్టరమ్మ ఆమెను పక్కకు పిలిచి చెప్పింది. "మాట ఉండే చోటే దెబ్బ తగిలిందమ్మా. ఆయనకు ఎంత అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం. తల ఊపినా అవునన్నాడని అనుకోకండి."

పెద్ద కాంట్రాక్టు మేస్త్రి ఒకసారి చూడ్డానికి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి, చాలాసేపు తన చెప్పుల వంక చూసుకున్నాడు. "నీ పని సంగతి నాకు తెలియదా అక్కా. కానీ అక్కడ జంట ఉండాలి. మిషను పట్టేవాడు లేకుండా నువ్వొక్కదానివి వచ్చి ఏం చేస్తావు?" అన్నాడు. ఏం చేస్తుందో ఆమెకూ తెలియదు.

దారి చూపించింది ఒక ప్లంబరు. పాత ఇళ్లలో పైపులు మార్చేటప్పుడు గోడ కోస్తారు, కప్పు కోస్తారు. కోసిన చోట కొత్త బోర్డు ముక్క బిగిస్తారు. దాని చుట్టూ సందులు మూసే చిన్న పనికి పెద్దవాళ్లెవరూ రారు. "ఒక స్నానాలగది, ఒక వంటింటి గోడ, ఇలాంటివే. నీకు సరిపోతాయి, చెయ్యి" అన్నాడు.

మొదటి పనికి ఆమె గొట్టం మిషనునే తీసుకెళ్లింది. ఇంట్లో ఉన్నది అదే. పైగా అది లేకుండా పని అనేది ఆమె ఊహకు అందలేదు. అదొక స్నానాలగది. తలుపు తీస్తే తొట్టి, తొట్టి దాటితే గోడ. మిషను ఎత్తితే వెనక కొస తలుపు చట్రానికి కొట్టుకుంది, తిప్పితే ముందు కొస అద్దానికి తగలబోయింది. టేపు కోసే మీట ఆయన చేతి పొడుగుకు అమర్చుకున్నది, ఆమె మునివేళ్ల మీద నిలబడినా సరిగా అందలేదు. నింపడానికి అరగంట పట్టింది. నాలుగు సందులు వెయ్యడానికి పది నిమిషాలు చాలు, కానీ వాటిలో రెండు వంకరగా వచ్చి పీకేయాల్సి వచ్చింది. తర్వాత ఇంటివాళ్ల పెరట్లో కూర్చుని దాన్ని విప్పి కడిగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. తిరిగి బిగించేటప్పుడు ఒక చిన్న స్ప్రింగు ఎక్కడిదో తెలియక చేతిలో మిగిలిపోయింది.

ఆ స్ప్రింగును ఇంటికి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది ఎక్కడిదయ్యా?"

ఆయన దాన్ని చూశాడు. ఎడమచేతి వేళ్లతో కాసేపు అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత గుప్పిట విప్పి నేలమీద పడేశాడు.

ఆ వారమే ఆమె మిషనును పాత దుప్పటిలో చుట్టింది. పనిముట్ల షాపాయన దాన్ని తీసుకుని, బదులుగా చేతిసామాను ఇస్తానన్నాడు. చుట్టుతున్నంతసేపూ భర్త కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"చిన్న గదులకు ఇది పనికిరావడం లేదయ్యా. మార్చుకొస్తా" అంది ఆమె, ఆయన వైపు తిరక్కుండా.

ఆయన ఎడమచెయ్యి కొద్దిగా లేచింది. మిషను వైపా, దాని వెనకున్న కిటికీ వైపా చెప్పలేం. "నీళ్లు" అన్నాడు. ఆమె దుప్పటి మూట భుజానికెత్తుకుని, గుమ్మం దాటేదాకా వెనక్కి చూడలేదు.

షాపాయన మాటకారి. బల్లమీద సామానంతా పరిచాడు. ముందుగా ఒక పెట్టె తీశాడు, లోపల టేపు చుట్ట ఒక పక్క, లప్పం ఒక పక్క. కొస పట్టుకుని లాగితే లప్పం పూసుకున్న టేపు బయటికొస్తుంది. "చిన్న పనులకు అందరూ ఇదే పడుతున్నారక్కా. నువ్వు ఊరికే నిలబడితే చాలు, పని దానంతటదే అయిపోతుంది" అన్నాడు.

"అయితే దాన్నే పంపిస్తాలే, నేనింట్లో పడుకుంటా" అంది ఆమె. నెలల తర్వాత నోట్లోంచి వచ్చిన మొదటి హాస్యం అది. ఆ సంగతి గుర్తుకు రాగానే చూపు సామాను మీదికి తిప్పుకుంది.

పెట్టెను నింపిన బరువుతో ఎత్తి చూసింది. మణికట్టు లాగింది. ఒక చిన్న గదికి ఎన్ని సందులుంటాయి? ఆరు, మహా అయితే ఎనిమిది. వాటికోసం దీన్ని నింపడం, కడగడం మళ్లీ ఆ మిషను బాధే. పక్కన పెట్టేసింది. బ్లేళ్లు ఒక్కొక్కటే తీసి బల్లకు ఆనించి వంచి చూసింది. మరీ గట్టిగా ఉన్నది గోడ మీద గీతలు పెడుతుంది, మరీ మెత్తగా ఉన్నది గుంటలో మునిగిపోతుంది. టేపు నొక్కడానికి అరచేతి వెడల్పుది ఒకటి, రెండో పూతకు అంతకు రెట్టింపుది, చివరి పూతకు మూరలో ముప్పాతికది తీసుకుంది. మూలల బ్లేడు ఆమెకు ఉండనే ఉంది. లప్పం పట్టుకునే చేతితొట్టి ప్లాస్టిక్‌ది వద్దని ఉక్కుది ఏరుకుంది. బ్లేడు తుడుచుకునే అంచు వంకర లేకుండా ఉండాలి. చిల్లులు పూడ్చడానికి జాలీ టేపు ఒక చుట్ట, సందులకు కాగితం టేపు రెండు చుట్టలు. అంతా కలిపి ఒక చేతిసంచీలో పట్టింది. పంతొమ్మిదేళ్ల బరువు ఇచ్చి చేతిసంచీ తెచ్చుకున్నట్టనిపించింది ఆమెకు.

రెండో పని ఒక టైలరమ్మ ఇంట్లో. వెనక వరండాను మూసి కుట్టుగది చేయించుకుంటోంది. కొత్త బోర్డులు, తొమ్మిది సందులు, రెండు మూలలు. ఒక పక్కంతా కిటికీ. ఉదయం ఎండ గోడ వెంబడి వాలుగా పడితే వెంట్రుకంత ఎత్తు కూడా నీడ పట్టే గది.

"మన ఇద్దరిదీ ఒకటే పని చూడు" అంది టైలరమ్మ. "కాకపోతే నా కుట్టు లోపల ఎక్కడో అయినా కనిపించాలి. నీ అతుకు ఎక్కడా కనిపించకూడదు. నీదే కష్టం."

ఆయన జబ్బుకు ముందు కలిపి మూత పెట్టిన లప్పం మొదటి పనితోనే అయిపోయింది, ఈసారి కలపడం తప్పలేదు. పొద్దున్నే ఇంట్లో, ఆయన కుర్చీ ముందే బకెట్ పెట్టుకుని కూర్చుంది. కర్రతో తిప్పుతూ అడిగింది. "ఏమయ్యా, ఇది చాలా? ఇంకొంచెం నీళ్లు పొయ్యాలా?"

ఆయనకు అన్నిటికీ అదే మాటని ఆమెకు తెలుసు. మూడు నెలలుగా వింటూనే ఉంది. అయినా ఈసారి అడిగిందే నీళ్ల గురించి. పైగా ఆయన బకెట్లోకి వంగి చూశాడు. జబ్బు చేశాక మొదటిసారిగా ఆయన నొసలు పనిలో ముడిపడ్డట్టు ముడిపడింది. కర్ర తిరుగుతున్నంతసేపూ కళ్లు దానితోపాటే తిరిగాయి.

"నీళ్లు" అన్నాడు.

ఆమె వెంటనే నీళ్ల బిందె దగ్గరికి లాక్కుంది. ఒక చెంబు పోసి కలిపింది. "ఇప్పుడు?"

"నీళ్లు."

ఇంకో అరచెంబు పోసింది. లప్పం తేనెలా నున్నగా, నిగనిగలాడుతూ తిరిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. అంతే చాలన్నట్టుంది ఆ వాలడం. ఆమె బకెట్ అక్కడే వదిలేసి, లప్పం అంటిన చేతులతోనే ఆయన మొహం పట్టుకుంది. "నీకన్నీ తెలుస్తున్నాయి! నాకు తెలుసు, నీకన్నీ తెలుస్తున్నాయి!" అని ఏడ్చింది.

ఆరోజు టైలరమ్మ ఇంట్లో ఆమె చేతికి రెక్కలొచ్చాయి. లప్పం కాస్త జారుతున్నట్టు, బ్లేడు నిండా తీసుకుంటే సగం మోచేతికి కారుతున్నట్టు కనిపించింది గానీ లెక్కచెయ్యలేదు. "మా ఆయన దగ్గరుండి కలిపించాడు" అని టైలరమ్మకు చెప్పింది, రెండుసార్లు. సాయంత్రానికి తొమ్మిది సందులూ, రెండు మూలలూ టేపు పడ్డాయి.

మర్నాటి మర్నాడు పొద్దున టైలరమ్మ ఫోను చేసింది. "ఒకసారి వచ్చి చూస్తావా? నాకు తెలియక అడుగుతున్నా, ఇవి ఇలాగే ఉంటాయా?"

వెళ్లేసరికి ఎండ గోడమీద వాలుగా పడి ఉంది. సందుల పొడుగునా టేపు బుడగలు బుడగలుగా లేచి ఉంది. ప్రతి బుడగకూ ఒక నీడ. గోరుతో తడితే లోపల డొల్ల. లప్పం ఆరుతూ ఆరుతూ ముడుచుకుపోయి టేపును వదిలేసింది. ఆమె ఒక కొస గోరుతో లేపి లాగింది. గాయం మానకముందే కట్టు ఊడినట్టు, మనిషి నిలువు పొడవున టేపు ఒక్క లాగుకు చేతిలోకి వచ్చేసింది. మూలలు కూడా. ఏ మూలల వల్ల ఆమెకు ఆ పేరు వచ్చిందో, అవి కూడా.

నీళ్లు ఎక్కువయ్యాయి. తొలిరోజు పనికి వచ్చినవాళ్లు చేసే తప్పు.

ఆమె చేతిలో టేపుతో అలాగే నేలమీద కూర్చుండిపోయింది. టైలరమ్మ కోప్పడలేదు. కుట్టుమిషను ముందున్న కుర్చీ లాక్కొచ్చి, "పైన కూర్చో, ముందు కాస్త స్థిమితపడు" అంది. నాలుగు మాటలు అని ఉంటే తట్టుకునేది. ఆ కుర్చీని తట్టుకోలేకపోయింది.

ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందు నిలబడింది. ఖాళీ బకెట్ చూపించింది. "ఇందులో ఏముందయ్యా?"

"నీళ్లు."

"నీ పేరేంటి?"

"నీళ్లు."

మూడో ప్రశ్న అడక్కూడదనుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ దాన్ని అడగకుండా తప్పించుకు తిరుగుతోంది. కానీ నోరు ఆగలేదు. "నేనెవర్ని?"

ఆయన ఆమెను చాలాసేపు చూశాడు. కళ్లు మెత్తబడ్డాయి. ఎడమచెయ్యి చాపి ఆమె కొంగు కొస పట్టుకున్నాడు. ఎంతో ప్రేమగా, "నీళ్లు" అన్నాడు.

ఆమె కొంగు విడిపించుకుని వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, అది పారుతున్న చప్పుడులో గోడకు తల ఆనించి నిలబడింది.

మర్నాడు టైలరమ్మ గోడలన్నీ గీకి శుభ్రం చేస్తుండగా ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. దాంతో చేతిలో బ్లేడు ఆగిపోయింది. గొట్టం మిషనుకు లప్పం పలచగానే ఉండాలి. లేకపోతే గొట్టంలోంచి కదలదు. మొన్న ఆయన ముందు కలిపిన కలుపు, ఆ నిగనిగ, ఆ జారుడు, పంతొమ్మిదేళ్లు ఆయన బకెట్లో చూసినదే. మిషనుకైతే అది వంక పెట్టడానికి లేని కలుపు. చేతి బ్లేడుకు వెన్నలా ఉండాలి. అయితే ఆయన ఊరికే అన్న మాట కాదా అది? ఆయనకు తెలిసే చెప్పాడా? మిషను పోయిందన్న సంగతి మాత్రం తెలియక చెప్పాడా? లేక అన్నిటికీ అన్నట్టే దీనికీ అన్నాడా? అడిగితే చెప్పగలిగినవాడు ఆయనొక్కడే. ఆయన దగ్గర ఉన్నది ఒక్క మాటే. ఇది ఎప్పటికీ తేలదు. ఆయన లోపల ఉన్నాడో లేడో తేలకుండానే తాను ముసలిదైపోతుంది. ఆ సంగతి అంత స్పష్టంగా అర్థమయ్యాక, ఏడుపు కూడా రాలేదు. మిగిలిన గోడ గీకేసింది.

కలపడం తానే నేర్చుకుంది. ఒక చిన్న డబ్బాలో నీళ్లు చెంచాలతో పోస్తూ, బ్లేడు మీద లప్పం తీసుకుని తలకిందులుగా పట్టుకుంటే ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా జారకుండా ఉండే చోట ఆగింది. కిటికీ వైపు ఒక్క సందు వేసి, రెండు రోజులు ఆరనిచ్చి, గోరుతో తట్టి చూసి, అప్పుడు మిగతావి వేసింది. టైలరమ్మ గది పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు ఎండలో గోడ వెంబడి టైలరమ్మ అరచెయ్యి జార్చి, "ఎక్కడ అతికావో నేను చెప్పలేను" అంది. మూలలక్క తల ఊపింది. లోపల ఏమీ కదల్లేదు. బాగా వచ్చిన పనిని చూపించుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు.

ఆ తర్వాత పనులు వస్తూనే ఉన్నాయి. పైపు కోసం తవ్విన గోడ, అల్మారా తీసేస్తే బయటపడ్డ కంత, చెమ్మకు ఊడిన కప్పు ముక్క. ఆమె వెళ్లేముందు పక్కింటావిడ వచ్చి ఆయన దగ్గర కూర్చుంటుంది. తిరిగొచ్చాక మూలలక్కే ఆయనకు తినిపిస్తుంది, ఒళ్లు తుడుస్తుంది, గడ్డం గీస్తుంది, పక్క మారుస్తుంది. పని సంగతి మాత్రం చెప్పదు. ఏమీ అడగదు. ఇద్దరి మధ్యా పంతొమ్మిదేళ్లు నడిచిన మాటలు ఎక్కువగా లప్పం గురించి, టేపు గురించే కాబట్టి, అవి ఆగిపోయాక ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ మాటలేమీ మిగల్లేదు.

ఈమధ్య ఒక ఇంట్లో సామాన్లగది కప్పు పని. మూడే సందులు. నిచ్చెన మీద నిలబడి, తల వెనక్కి వంచి ఆమె టేపు నొక్కుతుంటే ఇంటి పెద్దాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"బాగా చేస్తున్నావమ్మా. ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"మా ఆయన దగ్గరండీ" అంది ఆమె, బ్లేడు ఆపకుండా. "చాలా బాగా చేసేవాడు."

"అయ్యో. ఎప్పుడు పోయాడమ్మా?"

బ్లేడు కప్పు మీద ఒక్క క్షణం ఆగింది. ఆగిన చోట చిన్న గీత పడింది. ఇంట్లో ఈపాటికి పక్కింటావిడ ఆయనను ఎండ పొడకు కూర్చోబెట్టి ఉంటుంది. చెప్పాలనుకుంది. అంతా చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఈ ఏడేనండీ" అంది.

తర్వాత ఆ గీత చెరిగేదాకా అదే చోట మళ్లీ మళ్లీ బ్లేడు లాగింది.